కార్డు వెనక రాసిన గుర్రం

ఆ ఆదివారం జగదీశ్వర్ పెట్టుకున్నవి మూడే పనులు. ఎనిమిదింటికి గుర్రం చిక్కడపల్లిలోని తన ఇంటికి రావాలి. ఎనిమిదిన్నరకు దానికి పూజ కావాలి. తొమ్మిదింటికి అది వ్యానెక్కి ఊరి బయటి రైడింగ్ స్కూలుకు వెళ్లిపోవాలి. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ మోడల్ టెస్టు రాస్తున్న కూతురు సంజన పదకొండింటికి ఇల్లు చేరేసరికి వాకిట్లో గుర్రం వాసన కూడా మిగలకూడదు. మధ్యాహ్నం ఏమీ ఎరగనట్టు ఆమెను స్కూలుకు తీసుకెళ్లి, "ఇగో, నీ గుర్రం" అనాలి. తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు. ఈసారి దైవం దాకా పోకుండా ఆ తలచేదేదో గుర్రమే తలిచింది.

జగదీశ్వర్‌కు నారాయణగూడలో శుభలేఖల దుకాణం. ఇరవై ఏడేళ్లుగా ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లన్నీ అచ్చు వేస్తున్న మనిషి. ఒక్కగానొక్క కూతురికి చిన్నప్పటి నుంచీ గుర్రాల పిచ్చి. అందులోనూ ఈవెంటింగ్ అనే కష్టమైన పోటీ. ఒకే గుర్రం మొదట చెప్పిన మాట విని పొందికగా నడవాలి, తర్వాత మైదానాల్లో దుంగలూ గుంతలూ దాటుతూ పరుగెత్తాలి, చివరికి కట్టెల అడ్డాలు దూకాలి. రెండేళ్ల క్రితం దానికోసం గుర్రాన్ని ఎంచింది జగదీశ్వరే. రేసుల నుంచి తప్పించిన నల్ల గుర్రం, నిగనిగలాడుతూ ఉంది. "ఇది నేర్చుకునే పిల్లకు పనికిరాదు" అని కోచ్ రాఘవేందర్ నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. పోయిన ఏడాది ఒక దుంగ దగ్గర ఆ గుర్రం సంజనను విసిరి కొట్టింది. ఎడమ తుంటి ఎముక విరిగింది.

అప్పటికి ఆమె పెళ్లి ఎనిమిది వారాల్లో ఉంది. గాంధీనగర్ నుంచి పెళ్లికొడుకు తరఫువాళ్లు ఆస్పత్రికి ఒకసారి వచ్చి, యాపిల్ పండ్లు పెట్టి, ఎక్స్‌రే వంక చూసి వెళ్లారు. వారం తిరక్కుండానే, "జాతకాలు మళ్ల చూపిచ్చినం, కుదుర్త లేవట" అని కబురొచ్చింది. సొంత దుకాణం కనుక కార్డులు అందరికన్నా ముందే అచ్చయి కూర్చున్నాయి. నాలుగు వందలు. జగదీశ్వర్ వాటిని పారేయలేకపోయాడు.

ఎముక అతికింది. కొద్దిగా కుంటు మిగిలింది. దానికన్నా పెద్దది ఇంకొకటి మిగిలింది. సంజన ప్రతి ఆదివారం స్కూలుకు వెళ్లేది, గుర్రాలను తోమేది, మేత పెట్టేది. రికాబులో కాలు పెట్టగానే చేతులు వణికేవి. కాలు దించేసి, "ఇయాల వద్దులే నాన్నా" అనేది. అలా ఏడాది గడిచింది. తల్లి అరుంధతి ఆమెను గ్రూప్స్ కోచింగ్‌లో చేర్పించింది. కూతుర్ని పడేసింది గుర్రం కాదు, తానే అని జగదీశ్వర్ రోజుకొకసారైనా అనుకునేవాడు.

చివరికి అతను రాఘవేందర్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గుర్రం అందం నీ కండ్లకు జగదీశ్వర్, ఎక్కేది నువ్వు కాదు. నేర్చుకునే పిల్లకు నేర్చిన గుర్రం కావాలె. ఇద్దరు కొత్తోళ్లయితే ఇద్దరు భయపడ్తరు" అన్నాడు కోచ్.

"మాటలొద్దు సార్, రాసియ్యండి. ఈసారి ఒక్క అక్షరం దాటితే చెప్పుతో కొట్టండి."

కాగితం కోసం వెతికితే జేబులో దొరికింది ఆ శుభలేఖే. దాని వెనక ఖాళీలో కోచ్ రాశాడు: 'వయసు పదేళ్లు దాటాలి. మోతకు, జనానికి బెదరకూడదు. ఎక్కినవాళ్ల తప్పులు ఓర్చుకోవాలి. అదుపు తప్పి పరుగెత్తకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పిల్ల దాన్ని నమ్మాలి.'

పెళ్లిళ్ల వ్యాపారంలో ఉన్నవాడికి తెలిసిన గుర్రాలన్నీ పెళ్లి గుర్రాలే. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి, బస్తీలో కాపురముంటూ బరాత్‌లకు తెల్లగుర్రాన్ని నడిపే చెన్నయ్య దగ్గరికి జగదీశ్వర్ కార్డు పట్టుకుని వెళ్లాడు.

"వయసెంత చెన్నయ్యా?"

"మోతీకి పన్నెండు సారు."

"మోతకు బెదురుతదా?"

"చెవి పక్కన పటాకుల లడీ పేలిస్తే కండ్లు మూసుకొని కునుకు తీస్తది."

"ఎక్కినోళ్ల తప్పులు ఓర్చుకుంటదా?"

"దీన్ని ఎక్కినోళ్లంత పెండ్లికొడుకులే సారు. ఒక్కనికన్న కూసునుడు వస్తదా? ఒకడు చెవులు పట్టుకుంటడు, ఒకడు మెడను కావలిచ్చుకొని ఏడుస్తడు. ఇంతవరకు ఒక్కన్ని పడెయ్యలే."

"ఉరుకుతదా?"

"వంద గజాల దూరంల ఫంక్షన్ హాలుంటే రెండు గంటలు నడుస్తది."

ప్రతి జవాబుకూ టిక్కు పెడుతుంటే జగదీశ్వర్ కళ్లు చెమర్చాయి. దేవుడు కోచ్ చేత రాయించి చెన్నయ్య చేత పంపించాడనుకున్నాడు. వారం రోజులు చూసి, నచ్చితే ఖాయం చేసుకుందామన్నాడు. చెన్నయ్య గుర్రం మెడ నిమురుతూ, "ఇప్పుడు పెండ్లికొడుకులు ఓపెన్ జీపులల్ల వస్తున్నరు సారు. దీన్ని బండికి కట్టెటోనికి ఇయ్య మనసొప్పుత లేదు. ఆడపిల్ల ఉన్న ఇంట్ల పడితే సుఖపడ్తది" అన్నాడు. అడ్రసు అడిగితే జగదీశ్వర్ కార్డే ఇచ్చేశాడు. ఇంటి అడ్రసు అందులో బంగారు అక్షరాల్లో ఉంది మరి.

ఆదివారం ఎనిమిదింటికి మోతీ చిక్కడపల్లి వీధిలోకి జరీ గుడ్డ, అద్దాల జీను, నెత్తిన తురాయితో అడుగుపెట్టింది. ఒక ఇంటికి గుర్రాన్ని తీసుకెళ్లడానికి చెన్నయ్యకు తెలిసిన పద్ధతి అదొక్కటే. మూలమీద టిఫిన్ సెంటర్లో కార్డు చూపించి దారి అడిగాడు. కార్డు మీద సంజన పేరు చదివినవాళ్లు తేదీ దాకా పోలేదు. ఇడ్లీ ప్లేటు కడిగేలోపు వీధంతా పాకింది: జగదీశ్వర్ కూతురి పెళ్లట, చెప్పా పెట్టకుండా చేస్తున్నాడట.

అరుంధతి కొత్త స్కూటర్‌కు చేసినట్టే పూజ మొదలుపెట్టింది. నాలుగు గిట్టల కింద నాలుగు నిమ్మకాయలు, ముఖాన బొట్టు. మోతీ హారతికి అలవాటుగా తల వంచి, మెడలో వేసిన బంతిపూల దండ సగం నమిలేసింది. వీధిలో ఎవరో ఫోన్ చేసి చెప్పారేమో, అప్పుడే నల్లకుంట నుంచి ఆటోలో జగదీశ్వర్ అక్క రాజకుమారి ఏడుస్తూ దిగింది. చంకలో హడావుడిగా చుట్టిన కొత్త చీర ఉంది.

"ఏం తమ్మీ, మేనత్తను, నాకు చెప్పకుండ పిల్ల పెండ్లి చేస్తున్నవా? నేనేం పాపం చేసిన?"

"పెండ్లి లేదక్కా. ఇది ఉత్త గుర్రమే."

"వాకిట్ల గుర్రమొచ్చినంక పెండ్లి లేదంటవా!"

"నిజంగ పెండ్లి లేదు వదినా" అని అరుంధతి నలుగురూ వినేలా చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది. వీధిలో ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. "అయ్యో, మళ్ల తప్పిపోయిందట" అని ఇస్త్రీ తిమ్మమ్మ కళ్లొత్తుకుంది. రాజకుమారి ఈసారి నిజంగానే బావురుమంది.

సరిగ్గా అప్పుడే అశోక్‌నగర్ వైపు నుంచి ఎవరిదో పెళ్లి బ్యాండు వినిపించింది. మోతీ చెవులు నిక్కబొడిచి, నిమ్మకాయలను తొక్కుకుంటూ కదిలింది.

"ఆపు చెన్నయ్యా!"

"బ్యాండు ఇనవడ్డంక ఆగదు సారు! ఉరుకదు, కాని ఆగదు."

అది ఉరకలేదు, నడిచింది. వెనకాల చెప్పుల్లేకుండా జగదీశ్వర్, హారతి పళ్లెంతో అరుంధతి, చీరతో రాజకుమారి, వాళ్ల వెనక ఓదార్చడానికి సగం వీధీ. ట్రాఫిక్ ఆగిపోయింది. దాని నడకకు అశోక్‌నగర్ చేరేసరికి పదిన్నరయింది, అసలు పెళ్లికొడుకు జీపు దిగి హాల్లోకి వెళ్లిపోయాడు. బ్యాండువాళ్లు చెమట తుడుచుకుంటున్నారు. మోతీ వాళ్ల ముందు నిలబడి కాళ్లెత్తి ఆడటం మొదలుపెట్టింది. అదే సమయానికి టెస్టు ముగిసి వందలమంది కోచింగ్ పిల్లలు రోడ్డు మీద పడ్డారు. వాళ్ల మధ్య, చేతిలో పరీక్ష అట్టతో, సంజన ఉంది.

చెన్నయ్య చేతిలోని కార్డు ఎవరో లాక్కుని, "నీ పెండ్లేనట కదా!" అంటూ ఆమె చేతిలో పెట్టారు.

సంజన కార్డు చూసింది. తన పేరు, ఆ పక్కన గాంధీనగర్ అబ్బాయి పేరు, దాటిపోయిన ముహూర్తం. జగదీశ్వర్ మొదటిసారి ఆమెను గుర్రంతో పడేశాడు, ఇప్పుడు నడిబజారులో నిలబెట్టి పడేస్తున్నాడు. నేల చీలితే దూరిపోదామనుకున్నాడు.

"క్షమించు బిడ్డా" అన్నాడు చివరికి. "వెనక చూడు. వెనకదే నీది."

సంజన కార్డు తిప్పింది. కోచ్ చేతిరాత, ఒక్కొక్క వాక్యానికీ తండ్రి పెట్టిన టిక్కు. చివరి వాక్యానికి మాత్రం టిక్కు లేదు. అది పెట్టడం తన చేతిలో లేదని అతను ఖాళీగా వదిలాడు. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత మోతీ దగ్గరికి వెళ్లి మెడ మీద చెయ్యి వేసింది.

"నువ్వేం జెయ్యకు బిడ్డా" అంటూ చెన్నయ్య పెళ్లికొడుకులు ఎక్కే స్టూలు తెచ్చి వేశాడు. "జర కూసో అంతే. మిగిలింది అది చూసుకుంటది."

రికాబులో ఎడమకాలు పెట్టింది. చేతులు వణికాయి. దించింది. మళ్లీ పెట్టింది, మళ్లీ దించింది. చుట్టూ అన్ని వందలమంది ఉన్నా మోతీ వెంట్రుక కదల్లేదు. ఇంతకన్నా భయపడిన మగవాళ్లను అది ఎందరినో మోసింది. మూడోసారి సంజన ఎక్కేసింది. ఎక్కి, ముఖం కప్పుకుని, ఏడాది ఏడుపంతా ఏడ్చింది.

బ్యాండు మేస్త్రీ మొహమాటంగా అడిగాడు: "వాయించాల్నా అక్కా?"

"వాయించండన్నా. లేకపోతే ఇది నడిచేటట్టు లేదు."

అలా పెళ్లికొడుకు లేని ఊరేగింపు చిక్కడపల్లి వైపు తిరిగింది. ఏడాదిగా "సంబంధాలు వస్తున్నయా?" అని జాలిగా అడిగినవాళ్లంతా గుమ్మాల్లో నిలబడి నోరెత్తకుండా చూశారు. రాజకుమారి తెచ్చిన చీరను మేనకోడలి ఒళ్లో పడేసింది. జగదీశ్వర్ రికాబు పట్టుకుని కళ్లు తుడుచుకుంటూ నడిచాడు.

ఇల్లు కనిపిస్తుండగా సంజన వంగి అడిగింది: "నాన్నా, ఇది దుంకుతదా?"

జగదీశ్వర్ ఆమె చేతిలోని కార్డు తీసుకుని పైనుంచి కిందిదాకా చూశాడు. "అది రాయలేదమ్మా" అన్నాడు.

ఆమె ఏడాదిలో మొదటిసారి నవ్వింది.

రైడింగ్ స్కూల్లో రాఘవేందర్ నేల మీద ఒక కర్ర పడేశాడు. మోతీ దాని దాకా వెళ్లి, ఆగి, బ్యాండు కోసం చూసింది. "ఈవెంటింగ్ గుర్రం దుంకాలె అని కూడ రాయాల్నా నేను!" అని కోచ్ తల పట్టుకున్నాడు. అయినా వారం రోజులూ సంజన దాని మీదే కూర్చుంది, నడిచింది, వణుకు తగ్గించుకుంది.

ఎనిమిదో రోజు మోతీని తానే బస్తీకి నడిపించుకుంటూ వెళ్లింది. చెన్నయ్య కళ్లాలు అందుకుని, "నచ్చలేదా బిడ్డా?" అన్నాడు. ఇలా చూసి వెనక్కి పంపితే ఎలా ఉంటుందో సంజనకు బాగా తెలుసు. జాతకాలు కుదరలేదనో, ముహూర్తం లేదనో చెప్పడం ఎంత సులువో కూడా తెలిసింది.

"మస్తు నచ్చింది తాతా. దుంకదు, అంతే. నాకు దుంకేది కావాలె."

చెన్నయ్య మోతీ నెత్తి మీది తురాయి విప్పి సంచిలో పెట్టుకున్నాడు. "ఉన్నమాట జెప్పినవ్ బిడ్డా. గది చాలు" అన్నాడు. ఆ ఉన్నమాటేదో గాంధీనగర్ వాళ్లు కూడా తనతో చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ సంజన ఇంటిదాకా నడిచి వచ్చింది.

తర్వాతి ఆదివారం జగదీశ్వర్ దుకాణంలోని కట్టలోంచి ఇంకో కార్డు తీసుకెళ్లి, వెనక్కి తిప్పి, రాఘవేందర్ ముందు పెట్టాడు. కోచ్ మొట్టమొదట 'దూకాలి' అని రాసి కింద రెండు గీతలు గీశాడు.

గుర్రం కుదిరేదాకా రాసుకోవడానికి జగదీశ్వర్ దగ్గర ఇంకా మూడు వందల తొంభై ఎనిమిది కార్డులున్నాయి.