మానిందా, మానలేదా?

ఆ ఉదయం చిట్టి వేసుకున్న పథకం చాలా చిన్నది. బేకరీకి సెలవు పెట్టి, ఇంట్లో కూర్చుని, ముక్కు మీది మొటిమను మాన్పుకోవాలి. మర్నాడు ఫొటో ఉంది మరి! కొత్తగా తెరుస్తున్న షాపుకి ఎవరు పెద్దయితే వాళ్ళ బొమ్మే బోర్డు మీద వేయిస్తానన్నాడు యజమాని. కేకుల మీద పూలు దిద్దీ దిద్దీ చేతులరిగిన చిట్టికే ఆ పని దక్కేలా ఉంది. ఆయన మేనల్లుడు కూడా ఆ కుర్చీ మీదే కన్నేసి కూర్చున్నాడు.

"తిండి వల్లే వచ్చిందని ఖాయంగా చెప్పలేం. కానీ తీపీ పాలూ కొందరికి పడవు. కొన్ని వారాలు తగ్గించి చూడమ్మా," అన్నాడు చర్మం డాక్టరు. ఆత్రగాడికి బుద్ధి మట్టు. ఆ వారాల పథ్యాన్ని చిట్టి ఒక్క రోజులో ముగించదలచుకుంది. రోజంతా క్రీము రుచి చూసే ఉద్యోగంలో తీపి మానడం బ్రహ్మతరం కాదు కనుక, "ముఖం బాగాలేదు, రాలేను" అని కబురు పంపింది.

అమ్మమ్మ కళ్ళజోడు లేకుండానే ముక్కును పరీక్షించి, "ఏదే మొటిమ? ఎప్పుడో మానింది!" అని తీర్పిచ్చింది. అయినా నమ్మకం చాలక, చిట్టి ముఖానికి తెల్లటి పూత దట్టంగా పట్టించి, కళ్ళు మూసుకుని పడుకుంది.

ముందు గదిలో ఫోను మోగింది. అమ్మమ్మ అందుకుంది.

"ఆఁ, మానింది బాబూ. పొద్దున్న నేనే చూశాగా."

అవతలి మనిషి ఇంకేదో అడిగినట్టున్నాడు.

"ఎందుకేమిటి! ఆ తీపి గొడవ వదిలించుకుంది, మానింది."

మళ్ళీ ఏదో అడిగాడు.

"మళ్ళీనా? చచ్చినా రాదు! వస్తే నన్నడుగు."

పెదనాన్న కాబోలు, ఎంత ప్రేమో అని చిట్టి లోపల మురిసిపోయింది.

కొంతసేపటికి ఫోను మళ్ళీ మోగితే ఈసారి తనే తీసింది. బేకరీలో పొయ్యి చూసుకునే మాస్టారు.

"ఏంటి తల్లీ, మాటమాత్రం చెప్పకుండా మానేశావట! ఇక్కడ మేనల్లుడు తల దువ్వుకుంటున్నాడు. ఫొటో ఇవాళే తీసేస్తున్నారు!"

చిట్టి ఫోను పడేసింది. "అమ్మమ్మా! ఇందాక ఎవరే?"

"మీ ఓనరేనే. ఎంత మంచివాడో పాపం! నీ మొటిమ మానిందంటే గొంతు పూడుకుపోయింది."

చిట్టి చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా, అక్షరాలా తెల్లమొహం వేసుకుని వీధిన పడి పరిగెత్తింది. ఇన్నేళ్ళ కష్టం ఒక్క క్రియాపదం పాలయ్యేలా ఉందే అని ఏడుపొచ్చింది. బేకరీలో మేనల్లుడు అప్పటికే పళ్ళికిలించి నిలబడ్డాడు. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు.

"ఆగండి! మానలేదు సార్!" అని అరిచింది చిట్టి.

"రాలేనన్నావు, మానిందా అనడిగితే మీ అమ్మమ్మ మానిందందే?" అన్నాడు యజమాని.

"మొటిమ గురించి సార్! అదీ మానలేదు! చూడండి!" అని ముక్కు చూపించింది.

యజమాని దగ్గరికొచ్చి చూశాడు. పూతలోంచి ఎర్రగా, గుండ్రంగా, నిక్షేపంగా ఉంది.

"అమ్మయ్య! మొటిమను చూసి ఇంత సంతోషపడతానని కలలో కూడా అనుకోలేదు. కొత్త షాపు నీదేనమ్మా. ఒరేయ్ అల్లుడూ, పక్కకి తప్పుకో. బాబూ, అమ్మాయి ఫొటో తియ్!"

"సార్, ముఖం కడుక్కుని..."

"ఇంటికెళ్తే మళ్ళీ ఏం మానతావో! నవ్వు!"

చిట్టి నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు కొత్త షాపు బోర్డు మీద నిలువెత్తున ఉంది. క్రీము బాగానే కుదిరింది కానీ చెర్రీ కాస్త పక్కకి పెట్టారని కొనడానికొచ్చిన వాళ్ళు అంటున్నారు.