గరాటు మీద చీటీ

...ఈ తాత చెప్పింది అంతవరకూ రాశావా తల్లీ? సరే, ఇక మీ నాన్న దగ్గరికొద్దాం.

మోకాళ్ళ నొప్పులతో కూర్చోలేక, మన ఇనప సామాన్ల దుకాణంలో గల్లా మీద ఇద్దరల్లుళ్ళలో ఒకర్ని కూర్చోబెడతానన్నాను. మర్నాడే చిన్నల్లుడు, అదే మీ బాబాయి, సామానంతటికీ ఇంగ్లీషు పేర్లు రాసి చీటీలు అంటించాడు. గరాటు మీద ఫన్నెల్, తాపీ మీద ట్రౌవెల్, ఉలి మీద చిజిల్, జల్లెడ మీద సీవ్.

"చూశారా మావయ్యా, గల్లా కోసం ఎన్ని వేషాలో!" అన్నాడు మీ నాన్న. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. కడుపులో మంటకే చోటు చాల్లేదు.

తెల్లారగానే అందరికంటే ముందు దుకాణం తెరిచి, చీటీలన్నీ పీకి తారుమారుగా అంటించాడు. తమ్ముడని పిలిచే ఆ తోడల్లుడు బేరగాళ్ళ ముందు నవ్వులపాలు కావాలని. పని ముగించి చేతులు దులుపుకుంటుంటే నేను వెళ్ళాను, నా వెనకే కబురొచ్చింది. తమ్ముడికి పంటినొప్పి, ఇవాళ రాడట.

అప్పుడే ఇంజనీరమ్మ ఒకావిడ వచ్చి, "ఫన్నెల్ ప్లీజ్" అంది.

మీ నాన్న చీటీ వెతికి తాపీ ఇచ్చాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఏ చీటీ ఎక్కణ్ణుంచి పీకాడో ఆయనకే గుర్తు లేదు. ఉలి ఇచ్చాడు, జల్లెడ ఇచ్చాడు. బల్ల మీద గుట్ట లేచింది. చెమటలు కక్కుతూ ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, ఫన్నెల్ అంటే ఏంటి?"

"చీటీ చూడన్నయ్యా."

"చీటీ సంగతొదిలెయ్! అర్థం చెప్పు."

"అదేంటన్నయ్యా, అవి నీకోసమేగా అంటించాను! గల్లా పెద్దల్లుడిదేగా. నువ్వు మాటలు రాక ఇబ్బంది పడకూడదని."

మీ నాన్న నా మొహం చూశాడు. నేను పైకప్పు చూశాను.

ఇంజనీరమ్మ నిట్టూర్చి, "బాబూ, మీ తల వెనక వేలాడుతున్న ఆ గరాటు ఇస్తారా?" అంది.

"మీకు తెలుగొచ్చా!"

"మీకొచ్చా? అన్నిటికీ ఇంగ్లీషు చీటీలుంటే, రాదేమో అనుకున్నాను."

ఇప్పుడు మీ నాన్న ఒక్కో చీటీ తమ్ముణ్ణి అడిగి మళ్ళీ అంటిస్తున్నాడు. గల్లా తాళం మాత్రం ఇంకా నా మొలలోనే ఉంది.

ఆయన ఇంటికి రాగానే ఇది చదివి వినిపించు తల్లీ. గల్లా అన్న మాట వచ్చిన చోటల్లా కాస్త గట్టిగా చదువు.