అవసరం లేని కిలోమీటర్లు

మనిషి ఇంతవరకూ కనిపెట్టిన బళ్ళన్నిటిలోకీ, ఎక్కడికీ పోవలసిన పని లేనివాళ్ళ కోసం ప్రత్యేకంగా కనిపెట్టింది ఒక్క స్పోర్ట్స్ బైకే. ఎద్దులబండి బస్తాల కోసం పుట్టింది. స్కూటరు గ్యాస్ సిలిండరు కోసం పుట్టింది. మోపెడ్ పాల క్యాన్ల కోసం పుట్టింది. స్పోర్ట్స్ బైకు దేని కోసమూ పుట్టలేదు. అందుకే దానికి అంత ధర, అంత చప్పుడు.

2006 ప్రాంతాల్లో బెంగళూరులో ఈ బళ్ళు తెగ పెరిగాయి. కొన్నవాళ్ళు పొద్దున కంపెనీ క్యాబులో పోయి, చీకటి పడ్డాక కంపెనీ క్యాబులో వచ్చేవాళ్ళు. బండి అపార్ట్‌మెంటు సెల్లారులో ముసుగు కప్పుకుని నిలబడేది. ఆదివారం ముసుగు తీసి, పసుప్పచ్చ గుడ్డతో తుడిచి, ఒకసారి స్టార్ట్ చేసి, చుట్టుపక్కల ఫ్లాట్లలో పసిపిల్లలందరూ లేచి ఏడుస్తున్నారని నిర్ధారించుకుని, మళ్ళీ ముసుగు వేసేవాళ్ళు. తుడిచి తుడిచి అరిగిన బళ్ళున్నాయి గానీ తిరిగి అరిగిన బండి మాత్రం లేదు.

కానీ మీటరు ఒకటి ఏడ్చింది. బండి ఎంత తిరిగిందో అది దాచిపెట్టదు. తక్కువ తిరిగితే ఆఫీసులో కాఫీ మిషను దగ్గర పిరికివాడంటారు. ఎక్కువ తిరిగితే కొరియర్లు పంచుతున్నావా అంటారు. (లీటరుకి ఎంత ఇస్తుందని అడిగేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళని సెల్లారులోకే రానివ్వరు.) ఈ రెండు అవమానాల నడుమ నలిగిపోతున్న పెద్దమనుషులను ఆదుకోవడానికి పుట్టిందే యలహంక స్పోర్ట్స్ మోటార్ సైకిల్ యజమానుల క్షేమాభివృద్ధి సంఘం.

సంఘం చేసిన మొదటి పని కిలోమీటరుకి నిర్వచనం ఇవ్వడం. అంతకుముందు జనం దాన్ని వెయ్యి మీటర్లని అనుకుంటూ బతికారు. సంఘం నిబంధనావళి ఇలా చెప్పింది: "ఏ అవసరమూ లేకుండా బయలుదేరి, ఏ పనీ చేయకుండా తిరిగి వచ్చినదే కిలోమీటరు. తక్కినదంతా రవాణా." ఆఫీసుకి పోతే రవాణా. పిల్లని బడిలో దింపితే రవాణా. డెబ్భై కిలోమీటర్లు పోయి ఇడ్లీ తిని రావడం మాత్రం శుద్ధ కిలోమీటర్లే, ఎందుకంటే ఇడ్లీ ఇంటి పక్కనే దొరుకుతుంది. నెలకి ఇన్ని శుద్ధ కిలోమీటర్లు చూపించని సభ్యుడికి సంఘం స్టిక్కరు పీకేస్తారు.

నిబంధన ఎంత కఠినమో ఫయాజ్ అనే సభ్యుణ్ణి అడగండి. ఆయన నంది కొండ దాకా పోయి వస్తూ దేవనహళ్ళి దగ్గర కిలో ద్రాక్ష కొన్నాడు. ఆ రోజు రైడు మొత్తం కొట్టేశారు. ద్రాక్ష తన కోసం కాదు, అత్తగారి కోసమని అప్పీలు చేసుకున్నాడు. అత్తగారి అవసరం కూడా అవసరమేనని కమిటీ తేల్చింది. అప్పటి నుంచి ఫయాజ్ కమిటీ మీద పగబట్టి ఉన్నాడు.

(అవసరమున్న కిలోమీటర్లు రోజూ కాలినడకన నడిచేవాళ్ళు ఈ ఊళ్ళో లక్షల మంది. వాళ్ళకి నడవడానికి ఫుట్‌పాత్ లేదు. అది ఈ సంఘం పరిధిలోకి రాదు.)

ఇక దామోదర్. ప్రొద్దుటూరు మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇల్లు యలహంకలో, ఆఫీసు ఊరికి ఆ చివర. ఆయన బండి ఎర్రగా, రెక్కలు ముడుచుకున్న గద్దలా ఉంటుంది. మీటరు మీద ఉన్న కిలోమీటర్లు షోరూమ్ నుంచి ఇంటికి వచ్చినవి. స్టిక్కరు పీకేస్తామని సంఘం నోటీసు ఇచ్చింది. దామోదర్‌కి అన్నం సహించలేదు. చివరికి పక్కన కడుతున్న బిల్డింగులో టైల్స్ పరిచే మహేశ్‌ని పిలిచాడు. మహేశ్ మడకశిర పక్కనుంచి వచ్చినవాడు. బండి బాగా నడుపుతాడు. పనికి పోయే ముందు రోజూ తెల్లారగట్ల బండి తిప్పుకు రావాలి, ఇదీ బేరం.

"యాడికి పోవల్ల సార్?" అన్నాడు మహేశ్.

"ఎక్కడికీ వద్దు. జస్ట్ లాంగ్ రైడ్."

"అది యా పక్కుండాది సార్? దొడ్డబళ్ళాపురం పక్కనా?"

"ఊరు కాదు మహేశ్. ఊరికే పోయి రావడం."

"ఏమన్నా తేవల్లనా?"

"ఏమీ తేకూడదు. అదే మెయిన్ రూల్."

"ఎవురినన్నా చూసి రావల్లనా?"

"ఎవరినీ చూడొద్దు."

మహేశ్ గొంతు తగ్గించాడు. "సార్, అడుగుతాండానని ఏమనుకోవద్దు. ఇంట్లో ఏమన్నా ఇబ్బందా?"

మొదటి రోజు మహేశ్ పడిన కష్టం పగవాడికి కూడా వద్దు. చిన్నప్పటి నుంచీ ఏదో ఒక పని మీద తప్ప అడుగు తీసి అడుగు వెయ్యని మనిషి. ప్రతి సర్కిల్లోనూ ఆగిపోయాడు. ఎక్కడికీ పోనివాడు కుడికి తిరగాలా, ఎడమకి తిరగాలా? హెబ్బాళ దగ్గర పోలీసు ఆపి, ఎక్కడికని అడిగాడు. మహేశ్ నిజం చెప్పాడు: "యాడికీ లేదు సార్." అంత ఖరీదైన బండి మీద, సిమెంటు మరకల చొక్కాతో, ఎక్కడికీ పోనివాణ్ణి ప్రభుత్వం ఎలా వదులుతుంది? గంటసేపు రోడ్డు పక్కన కూర్చోబెట్టారు. (అదే సంఘం సభ్యుడు ఆ మాటే చెబితే సెల్యూట్ కొట్టి పంపేవాళ్ళు.)

ఇంటికొచ్చి భార్యకి చెప్పుకున్నాడు. రేణుక ఆకుకూరలు అమ్ముతుంది. ఆమెకి విషయం చప్పున అర్థమైంది.

"పని లేకుండా పోతే పట్టుకుంటారు, మళ్ళేమి. రేపు నన్నూ, కొత్తిమీర మూటనీ ఎక్కించుకో. అడిగితే మార్కెట్టుకని చెప్తువు."

"ఏమీ మొయ్యకూడదన్న్యాడే సారు."

"ఏమీ తేకూడదన్న్యాడు. తీస్కపోవద్దన్లేదు కదా."

రేణుక బేరం బళేపేటలో, గాజుల సందు మొగదల. అక్కడ ఒక హార్డ్‌వేర్ షాపు, దానికి మూడు మెట్లు. మెట్ల పక్క జాగా ముందొచ్చినవాళ్ళది. నీడ ఉంటుంది, హోటళ్ళవాళ్ళు అటే వస్తారు, మూట గంటలో ఖాళీ. రెండోది మురుగు మోరీ పక్క జాగా. అక్కడ మిట్టమధ్యాహ్నం దాకా కూర్చున్నా సగం కట్టలు వాడిపోతాయి. ఇన్నేళ్ళూ మొదటి బస్సులో వచ్చే రేణుకకి మోరీ పక్కే దక్కింది. మెట్ల పక్క పాపక్కది. ఆమె ఇల్లు దగ్గర, నడిచే వస్తుంది. ఇప్పుడు రేణుక ముందొచ్చేసింది. ఒక్క రోజు తప్పినా జాగా మళ్ళీ పాపక్కదే.

"ఏమే రేణుకా," అంది పాపక్క మోరీ పక్కన మూట దించుతూ, "కొత్తిమీరకి ఇంత బండా? రేపు కరేపాక్కి ఏరోప్లేన్ తెస్తావేమో. మీ యలహంకలో ఎట్లా ఏరోప్లేన్లు దిగే మైదానం ఉండాది కదా."

"తెస్తాలే అక్కా. నీకి కిటికీ పక్క సీటు ఇస్తా."

ఆ బండి వెనక సీటు ఎత్తుగా, వాలుగా, అరచెయ్యంత ఉంటుంది. వెనక కూర్చున్న మనిషి ఎక్కువసేపు ఉండడన్న నమ్మకంతో తయారుచేసినట్టుంటుంది. రేణుక దాని మీద పక్కవాటుగా కూర్చుని, ఒక చేత్తో మూట, ఒక చేత్తో మొగుణ్ణి పట్టుకుని రోజూ పోయి వచ్చింది. మీటరు గిర్రున తిరిగింది. దామోదర్ ముఖం వెలిగిపోయింది. ఆఫీసులో తన రైడ్ల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు, ముఖానికి కొట్టే చల్లగాలి, ఆ స్వేచ్ఛ. (చెబుతున్నంతసేపూ క్యాబు తాలూకు ఐడీ కార్డు మెడలోనే ఉండేది.)

అంతలో తనిఖీ వచ్చింది.

సంఘానికి గౌరవ మీటరు తనిఖీ అధికారి రాజగోపాల్. ఏదో కంపెనీ స్టోర్సులో చేసి రిటైరయ్యాడు. ఆయనకి బండి లేదు, నడపడం కూడా రాదు. అందువల్లే నిష్పక్షపాతంగా ఉంటాడని నియమించారు. టార్చిలైటుతో దామోదర్ మీటరు చూసి, చప్పట్లు కొట్టబోయి, ఆగిపోయాడు. వెనక చక్రం పైన, నంబరు ప్లేటు సందులో, ఒక కొత్తిమీర కాడ. ఇంకా పచ్చిగానే ఉంది. పట్టకారుతో తీసి, కవర్లో పెట్టి, సీలు వేశాడు.

ఆదివారం క్లబ్ హౌసులో విచారణ. దామోదర్ నిజమంతా ఒప్పేసుకున్నాడు. వేరేవాడి చేత నడిపించినందుకు ఎవరూ ఏమీ అనలేదు. (నిబంధనావళి ప్రకారం తిరగాల్సింది బండి, యజమాని కాదు. ఈ నిబంధన వేరే సభ్యుల కోసం ముందే చేసిపెట్టారు.) అభ్యంతరమల్లా కొత్తిమీర గురించే. అవసరం ఉన్నట్టు తేలితే స్టిక్కరు పోతుంది. స్టిక్కరు పోతే దామోదర్‌కి బండితో పని లేదు, అమ్మేస్తాడు. బండి పోతే మెట్ల పక్క జాగా పోతుంది. మహేశ్‌నీ రేణుకనీ సాక్షులుగా పిలిచారు. లోపలికి వస్తుంటే దామోదర్ గొణిగాడు, "సరదాగా పోతున్నామని చెప్పమ్మా, ప్లీజ్."

"ఆ మూటతో ఎందుకు పోతున్నావమ్మా?" అన్నాడు రాజగోపాల్.

రేణుక దామోదర్ వైపు చూసింది. కొత్తిమీర మూట పెట్టుకుని సరదా అని చెబితే తనకే నవ్వొచ్చేట్టుంది.

"అమ్మకపోతే తినేదేంది సార్? మీకేమో కిలోమీటర్లు కావల్ల, నాకి ఆ జాగా కావల్ల. కిలోమీటర్లు నేనేం చేసుకుంటా, మీరే పెట్టుకోండి. జాగా నాకిడవండి."

"అవసరం ఉన్నట్టు స్పష్టంగా ఒప్పుకుంది," అన్నాడు రాజగోపాల్. దామోదర్ తల పట్టుకున్నాడు.

అప్పుడు ఫయాజ్ లేచాడు. ద్రాక్ష పగ ఆయనకి ఇంకా చల్లారలేదు.

"ఒక్క డౌటు సార్. మూట పోయేటప్పుడు ఉంది. వచ్చేటప్పుడు లేదు. వచ్చే కిలోమీటర్లు శుద్ధమేనా?"

"కాదు. ఇంటికి రావడం కూడా అవసరమే."

"అట్లయితే మనమందరం ప్రతి రైడులో ఇంటికే వస్తున్నాం. అందరి కిలోమీటర్లూ సగం కొట్టేయండి."

కొందరు లెక్క వేసుకుని చొక్కా పై గుండీ విప్పుకున్నారు. ఇంటికి రావడం మనిషికి అవసరమా కాదా అన్న ప్రశ్న మీద ఓటింగు పెట్టారు. అవసరం కాదని ఏకగ్రీవంగా తేలింది. పెళ్ళయినవాళ్ళు రెండు చేతులూ ఎత్తారు. దామోదర్‌కి సగం కిలోమీటర్లు దక్కాయి. ఆ సగంతో స్టిక్కరు నిలవదు.

మిగిలిన సగం తేల్చడానికి రాజగోపాల్ కళ్ళజోడు సర్దుకున్నాడు.

"నీకు షాపు ఉందా?"

"లేదు సార్. ఫుట్‌పాత్ మీద."

"లైసెన్సు?"

"అడిగితే ఇస్తారా సార్?"

"కార్డు, రసీదు, ఏదైనా?"

"పోలీసాయన వచ్చి రోజూ రెండు కట్టలు తీస్కపోతాడు. రసీదియ్యడు."

రాజగోపాల్ కార్పొరేషన్ ఆఫీసులో తనకి తెలిసినాయనకి ఫోను చేశాడు. బళేపేట ఆ సందు మొగదల ఆకుకూరలు అమ్మేవాళ్ళు ఎవరైనా రికార్డులో ఉన్నారా అని అడిగాడు. అవతలాయన సెలవు రోజైనా ఎంతో శ్రద్ధగా జవాబు చెప్పాడు. రికార్డు ప్రకారం అక్కడ ఎవరూ లేరు. ఎప్పుడూ లేరు. అసలు రికార్డులో అక్కడ ఫుట్‌పాత్ కూడా లేదు.

రాజగోపాల్ ఫోను పెట్టేసి లేచి నిలబడ్డాడు. ఆయన ముఖంలో ఒక న్యాయమూర్తి శాంతి కనిపించింది.

"లేని ఫుట్‌పాత్ మీద, లేని మనిషి, లేని వ్యాపారం చేయడానికి పోయినట్టు తేలింది. కనుక ఈ ప్రయాణాలకి ఎటువంటి ప్రయోజనమూ లేదు. సంఘం చరిత్రలో ఇంత శుద్ధమైన కిలోమీటర్లు ఇంతవరకూ నమోదు కాలేదు."

చప్పట్లు మోగాయి. దామోదర్ కళ్ళు తుడుచుకున్నాడు. స్టిక్కరు నిలిచింది, పైగా ఉత్తమ రైడరు షీల్డు కూడా ఇచ్చారు. రోజూ ఇలాగే ఏ ప్రయోజనమూ లేకుండా తిప్పిస్తూ ఉండాలని కమిటీ కోరింది. ఆ శుభ సందర్భంలో అందరికీ మసాలా వడలు పెట్టారు, కొత్తిమీర చట్నీతో. సాక్షులకి కూడా తలా ఒకటి దక్కింది.

మర్నాడు ఇంకా తెల్లవారలేదు. సెల్లారులో మహేశ్ బండి ముసుగు తీశాడు. రేణుక మూట చంకన పెట్టుకుని నిలబడింది. నిన్న ఆ పెద్దమనుషులు ఇంగ్లీషు కలిపి మాట్లాడినదంతా ఆమెకి సరిగ్గా ఎక్కలేదు.

"ఇంతకీ ఏమని తేల్చిరప్పా ఆ సార్లు?"

"మనం యాడికీ పోవట్లేదంట. పోయినా ఆడ ఏమీ చెయ్యట్లేదంట. అసలు నువ్వే లేవంట."

"అట్లనా," అంది రేణుక సీటెక్కి మూట సర్దుకుంటూ. "సరే, బేగ తీయి. పాపక్క వచ్చేస్తాది."