పెద్దబండ మీద గుబురయ్య

ఒక పెద్ద అడవిలో, ఇప్పచెట్ల నడుమ, పొద్దు గుంకితే చాలు చిందులాట మొదలయ్యే చోటొకటి ఉండేది. రాలిన ఇప్పపూలు గుంటలో ఊరి, పులిసి, ఎవరూ కాచకుండానే సారా అయ్యేవి. కీచురాళ్ళు పాడేవి. వడ్రంగిపిట్టలు మద్దెల వాయించేవి. జంతువులు గుంటలో మూతిపెట్టి రెండు గుక్కలు తాగి, ఒళ్ళు మరిచి గెంతేవి. ఇందుకు ఎవరూ ఎవరికీ ఏమీ ఇచ్చుకోనక్కర్లేదు.

ఈ చివరి సంగతే పరంధామం అనే నక్కకి బొత్తిగా మింగుడు పడలేదు.

గుంట పక్కన ఒక పెద్దబండ ఉంది. పరంధామం దాని చుట్టూ తీగ కట్టి, తీగ దగ్గర ఒక అడవిదున్నని కాపలా పెట్టాడు. దున్నకి మెడ లావు, ఆలోచన సన్నం. ఆ ఉద్యోగానికి అంతకుమించిన అర్హత అక్కర్లేదు. 'పెద్దబండ గొప్పవాళ్ళకి మాత్రమే' అని కాకి చేత అడవంతా చాటింపు వేయించాడు.

ఆ సాయంత్రం గుబురయ్య అనే ఎలుగుబంటి ఎప్పటిలాగే భార్య జుంటమ్మతో కలిసి వచ్చాడు. ఆ అడవిలో గుబురయ్య చిందేస్తే చూడాల్సిందే. రెండు పాటలకి దుమ్ము రేపి, చెమట పట్టాక బండకి వీపు రుద్దుకోవడం అతని అలవాటు. ఆ పని మీదే అటు వెళ్ళాడు.

"ఎక్కడికి?" అన్నాడు దున్న.

"వీపు గోక్కోవడానికి."

"ఇవాళ్టి నుంచి ఇది గొప్పవాళ్ళ బండ. పక్కకి జరుగు."

జరగక తప్పలేదు. అంతలో ఒక ముంగిస, చెవిలో మోదుగుపువ్వు పెట్టుకుని, ఎటూ చూడకుండా వచ్చింది. దున్న దాని చేతిలోని గుడ్ల మూట అందుకుని, వంగి తీగ ఎత్తాడు. ముంగిస బండెక్కి కూర్చుంది.

"పోనిద్దురూ, చెట్టుకి గోక్కోండి. చెట్లకేం కరువా?" అంది జుంటమ్మ.

చెట్లకి కరువు లేదు. కానీ అప్పటికే గుబురయ్యకి దురద వీపు నుంచి తలలోకి ఎక్కింది. పిడికెడు ముంగిసకి తీగ లేచింది, కొండంత తనకి లేవలేదు! ఆ రాత్రి అతనికి కంటి మీద కునుకు లేదు.

గుబురయ్య గుహ లోపల ఒక తొర్ర నిండా తేనెతుట్టెలున్నాయి. వానలు మొదలైతే తేనె దొరకదు. జుంటమ్మకి నెలలు నిండుతున్నాయి, పురుడు సరిగ్గా వానల్లోనే. ఏడాది పొడుగునా తేనెటీగల చేత కుట్టించుకుని కూడబెట్టింది ఆ పురుటి కోసమే. మర్నాడు పొద్దు వాలుతుండగా గుబురయ్య అందులోంచి ఒక పెద్ద తుట్టె చంకలో పెట్టుకుని, "ఇప్పుడే వస్తా" అని బయలుదేరాడు.

తుట్టె చూడగానే పరంధామం చేతులు జోడించాడు. "రండి గుబురయ్యగారూ! మీ కోసమే బండ చిన్నబోయి ఉంది." దున్న తీగ ఎత్తాడు. నిన్న గెంటిన దున్నే!

కాసేపటికి సొరబుర్రలో సారా వచ్చింది. ఊరికే రాలేదు, మిణుగురుల ఊరేగింపుతో వచ్చింది. ముందు కోతి, "గుబురయ్యగారి బుర్ర! గుబురయ్యగారి బుర్ర!" అని కేకలు. కీచురాళ్ళు పాట ఆపాయి. అడవంతా తల పైకెత్తి చూసింది. అబద్ధమెందుకు, ఆ క్షణాన గుబురయ్య ప్రాణం లేచొచ్చింది. పుట్టిన తరువాత అంతమంది పాటా ఆటా ఆపి అతన్ని చూడటం అదే మొదలు.

తాగితే అదే గుంటలో సారా. కాకపోతే కాస్త నీళ్ళెక్కువ.

పాట మళ్ళీ మొదలైంది. గుబురయ్య కాళ్ళు కదిపాడు. "అయ్యా, గొప్పవాళ్ళు గెంతరు, కూర్చుంటారు" అన్నాడు కోతి వినయంగా. గుబురయ్య కూర్చున్నాడు. ఇంతలో ముంగిసకి రెండు బుర్రలొచ్చాయి, రెట్టింపు మిణుగురులతో. తలలన్నీ అటు తిరిగాయి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు కదా. గుబురయ్య మూడు చెప్పాడు.

ఆ వేసవంతా ఇదే వరస. కుందేలు దుంపలు తాకట్టు పెట్టి బండెక్కింది. కొండముచ్చు తోటలో కాయలన్నీ పచ్చిగానే కోసిచ్చి ఎక్కింది. చోటు చాలక పరంధామం పక్క బండలకీ తీగ కట్టించాడు. చివరికి ఒక సాయంత్రం అడవిలో ఉన్నవాళ్ళంతా బండల మీదే ఉన్నారు. కింద పురుగు లేదు.

గుబురయ్య బుర్ర ఊరేగింపుగా వచ్చింది. ఒక్కరూ చూడలేదు. ఎవరి ఊరేగింపు వాళ్ళు చూసుకుంటున్నారు.

"ఏమయ్యా పరంధామం, ఇంత పోసి కూర్చుంటే చూసే దిక్కు లేదా? అలాంటప్పుడు గుహలోనే కూర్చుంటాం కదా!" అని ముంగిస నిలదీసింది. మిగతావాళ్ళూ గొంతు కలిపారు. పరంధామం బుర్ర గోక్కుని, మర్నాడు కొత్త చాటింపు వేయించాడు: 'కింద నిలబడి కుళ్ళుకునేవాళ్ళు కావాలి. రోజుకి ఒక తుట్టె, లేదా దానికి సరిపడా దుంపలు.'

ఇది గుబురయ్యకి తెలియదు. ఆ రోజు అతను తొర్రలోకి చెయ్యి పెడితే అడుగు తగిలింది. ఆఖరి తుట్టె. తీసి చంకలో పెట్టుకుంటుంటే జుంటమ్మ గుహ వాకిలికి అడ్డంగా కూర్చుంది.

"అది తీసుకెళ్తే బిడ్డకేం పెడతాను? మిణుగురులనా?"

గుబురయ్య తుట్టెని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"మొన్న కింద నుంచి మిమ్మల్ని చూశాను. అంత ఎత్తున కూర్చుని మొహం ముడుచుకుని ఉన్నారు. వెనకటికి చెమట కారుతూ గెంతేటప్పుడు ఎంత బావుండేవారండీ!"

గుబురయ్యకి సిగ్గుతో చెవులు వాలాయి. తుట్టె మళ్ళీ తొర్రలో పెట్టి ఉత్త చేతులతో బయటికొచ్చాడు. దారిలో పాత చిందుల నేస్తం అడవిపంది ఎదురై, "బావా, కుళ్ళుకోవడానికి కూలి ఇస్తున్నార్ట! వస్తావా?" అంది. గుబురయ్య వెంట నడిచాడు.

"ఏదీ, కుళ్ళుకో చూద్దాం" అన్నాడు దున్న.

గుబురయ్య బండ వైపు చూసి, "ఆ ముంగిసగాడికేం తక్కువ! పెట్టి పుట్టాడు! మనదీ ఒక బతుకేనా!" అని నిట్టూర్చాడు. దున్న కళ్ళు చెమర్చాయి. నటనైతే కదా, వేసవంతా చేసిన సాధన! అక్కడికక్కడే తుట్టె ఇచ్చారు. కాసేపు కుళ్ళుకుని, గుంటలో రెండు గుక్కలు తాగి, గుబురయ్య కరువు తీరా చిందేశాడు.

ముంగిస పైనుంచి ఇదంతా చూసింది. పైనున్నవాడు ఇచ్చుకుంటున్నాడు, కిందున్నవాడు పుచ్చుకుని గెంతుతున్నాడు. మర్నాడు ముంగిస కిందికి దిగింది. దాని వెనక కుందేలు, కొండముచ్చు, అందరూ దిగారు. అడవంతా కుళ్ళుకోవడానికి సిద్ధం, కుళ్ళుకోవడానికి పైన ఒక్కడూ లేడు.

ఖాళీ బండ కనిపిస్తే వ్యాపారం మూసుకోవడమే. 'ఈ ఒక్క పూటకే' అనుకుని పరంధామం తనే బండెక్కి కూర్చున్నాడు.

"అబ్బా! దర్జా అంటే పరంధామంగారిదే!" అన్నాడు గుబురయ్య కింద నుంచి.

"ఆ తోక చూడు, ఆ ఠీవి చూడు!" అంది ముంగిస.

నక్కకి ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళూ సరుకు అమ్మాడే గాని రుచి చూడలేదు. "కోతీ, ఇంకో బుర్ర! మిణుగురులు ఇంకా పెంచు!" అన్నాడు. మర్నాడు కూడా ఎక్కాడు. ఆ మర్నాడూ ఎక్కాడు. దున్న మాట తప్పని మనిషి, రోజూ నక్క బొరియలోంచి తీసి అందరికీ కూలి పంచేవాడు. గుబురయ్య తొర్ర నిండింది. జుంటమ్మ నిమ్మళంగా పడుకుంది. పరంధామం బొరియ మాత్రం అడుగంటింది.

తొలి వాన పడ్డ సాయంత్రం అందరూ గూళ్ళకి చేరుకున్నారు. గుబురయ్య గుహలో అప్పుడే పుట్టిన పసిగుడ్డు తేనె చప్పరిస్తోంది. పరంధామం ఒక్కడే బండ మీద తడుస్తూ, తీగ దగ్గరున్న దున్నని అడిగాడు:

"ఒరే, ఎవరైనా చూస్తున్నారా?"

"నేను చూస్తున్నా బాబూ. కూలి ఇప్పించండి."

నీతి: అసూయ మహాపాపం, ముఖ్యంగా ఊరికే పడితే.