మిగిలిపోయిన మాత్రల బ్యాంకు

మా కాలనీ మందుల షాపాయనా, మా డాక్టరమ్మా కుమ్మక్కయ్యారని తెలియజేయడానికి చింతిస్తున్నాము.

ఇరవై ఏళ్లుగా వారిద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉండి మా ఆరోగ్యాన్ని కాపాడుతూ వచ్చారు. ఆవిడ యాంటీబయాటిక్ రాయకపోతే ఆయన అడగ్గానే ఇచ్చేవాడు. ఆయన నసిగితే ఆవిడ రాసేది. ఇద్దరికీ మాటల్లేవు గనుక మాకు ఏ లోటూ లేదు. అలాంటిది ఏడాది పైగా ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. చీటీ పట్టుకెళ్తే ఆయన కళ్లజోడు పైకి తోసి, "డాక్టరమ్మా, ఈ జలుబుకి యాంటీబయాటిక్ అవసరమంటారా?" అని ఆవిడనే అడుగుతున్నాడు. ఆవిడేమో, "అవసరం లేదండీ, అలవాటుగా రాసేశాను, కొట్టేయండి" అంటోంది. తప్పు ఒప్పుకునే డాక్టరు చేతిలో ప్రాణాలు పెట్టేదెలా?

మొదటి దెబ్బ మా అమ్మకే తగిలింది. అమ్మకు డెబ్బై ఆరేళ్లు. జలుబని వెళ్తే డాక్టరమ్మ గొంతు చూసి, ఛాతీ విని, వేడినీళ్లు తాగుతూ మూడు రోజులు ఆగమంది. అక్కణ్నుంచి షాపుకు వెళ్తే ఆయనా పొల్లుపోకుండా అదే చెప్పాడు.

"ఇది వైరస్ వల్ల వచ్చేది పెద్దమ్మా. ఆ మాత్రలు దీన్నేమీ చెయ్యలేవు. ఊరికే మింగితే రేపు నిజంగా అవసరమైనప్పుడు పనిచెయ్యవు."

"మనింట్లో వేడినీళ్లు లేవనుకున్నారట్రా వీళ్లు?" అంది అమ్మ ఇంటికొచ్చి.

ఈ అవమానంపై కాలనీ సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షులవారైన రిటైర్డ్ లెక్కల మాస్టారు గంభీరంగా ప్రసంగించారు. "జలుబు మనది. గొంతు మనది. మింగేది మనం. మధ్యలో వీళ్లెవరండీ?" చప్పట్లతో పాటు దగ్గులు కూడా మిన్నంటాయి.

ఐదు రోజుల మందును రెండో రోజే ఆపేయడం మా కాలనీలో అనాదిగా వస్తున్న అలవాటు. జ్వరం తగ్గాక మాత్ర మింగడం దండగని అందరికీ తెలుసు. అలా ఇంటింటా మిగిలిన సగం షీట్లన్నీ సేకరించి, సంఘం గదిలో క్యారమ్ బోర్డు పక్కనున్న బీరువాలో మాత్రల బ్యాంకు ప్రారంభించాం. పేర్లు చదవడం కష్టం గనుక రంగుల పద్ధతి పెట్టాం. తెల్లవి జలుబుకు, పసుపువి కడుపుకు, ఎరుపూ నలుపూ కలిసిన గొట్టం మాత్రలు మొండి రోగాలకు. ఈ వర్గీకరణ బాధ్యత గోడలకు రంగులమ్మే షాపాయన స్వీకరించాడు. ఆ రంగంలో ఆయనకున్న అనుభవం మరెవరికీ లేదు. కార్యదర్శినైన నాకు తాళంచెవి దక్కింది.

తొలి లబ్ధిదారు అమ్మ. తెల్లవి వేసుకుంది, మూడో రోజుకు జలుబు తగ్గింది. వేసుకోకపోయినా మూడో రోజుకే తగ్గేదని డాక్టరమ్మ అన్నట్టు తెలిసింది. ఓర్వలేనితనానికి కూడా ఒక హద్దుండాలి. ఆ తర్వాత ఏడాది పొడవునా దగ్గుకు, ఒంటినొప్పులకు, ఆఖరికి నిద్ర పట్టకపోయినా అమ్మ బ్యాంకునే నమ్ముకుంది.

పోయిన నెలాఖరున అమ్మకు మూత్రంలో మంట, చలిజ్వరం మొదలయ్యాయి. పసుపువి రెండు రోజులు ఇచ్చాను. ఎరుపూ నలుపువి రెండు రోజులు. రంగుల షాపాయన సలహాపై రెండూ కలిపి ఒక రోజు. ఆరో రోజు పొద్దున అమ్మ నన్ను తేరిపార చూసి, "అన్నయ్యా, ఎప్పుడొచ్చావు?" అంది.

కుమ్మక్కైన ఆ ఇద్దరికే ఫోన్ చేశాను. ఇద్దరూ కలిసే వచ్చారు. మందుల షాపాయన ఖాళీ షీట్లు ముందేసుకుని ఒక్కొక్క పేరూ చదువుతుంటే డాక్టరమ్మ రాసుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ గంటలోనే అమ్మను ఆసుపత్రిలో చేర్పించారు. మూడో రోజు ల్యాబు నుంచి మూత్ర పరీక్ష కాగితం వచ్చింది. అమ్మ ఒంట్లోని క్రిమి మీద పరీక్షించిన పన్నెండు మందుల పేర్లున్నాయి. పదకొండింటికి ఎదురుగా పనిచేయదని ఉంది.

"ఇదొక్కటే మిగిలిందండీ," అంది డాక్టరమ్మ చివరి పేరు మీద వేలుపెట్టి. "ఇంజెక్షన్. ఇవాళే మొదలుపెడుతున్నాం."

"దీనికీ లొంగకపోతే?" అని అడిగాను.

ఆవిడ ఇంజెక్షన్ చీటీ రాసి షాపాయన చేతికిచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని షాపుకు పరుగెత్తాడు.

అమ్మ అనారోగ్యంపై ఆందోళన వ్యక్తం చేయడానికి సంఘం నిన్న సమావేశమైంది. అమ్మకు ఇంజెక్షన్లు నడుస్తున్నాయి, జ్వరం ఇంకా దిగలేదు. అధ్యక్షులవారు ల్యాబు కాగితాన్ని అందరికీ చూపించారు. "చూశారా కుట్ర? పనికిరాని పదకొండూ మన మొహాన కొట్టి, పనిచేసేదాన్ని వాళ్ల దగ్గర దాచుకున్నారు." ఇకపై జలుబు చేసిన ప్రతివారికీ మొదటి రోజునే ఆ పన్నెండో మందు ఇచ్చి తీరాలని ఆయన తీర్మానం ప్రవేశపెట్టారు.

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. నేనూ చెయ్యెత్తాను. పొద్దుటి నుంచి గొంతు కాస్త గరగరగా ఉంది మరి.