కోడి వేషంలో ఇరవై ఒక్క కిలోమీటర్లు

ఆ ఆదివారం ఉదయం బార్నబీ క్రాబ్‌ట్రీ పథకం చాలా సాదాసీదాది. పరిగెత్తేది ఇంకొకడు, పేరు తనకు. హాలిఫాక్స్‌లో అతను పనిచేసే బీమా ఆఫీసులో పక్క బల్ల ఆవిడ మరణశయ్య మీదున్న రోగుల ఆశ్రమానికి చందాలు పోగెయ్యడం కోసం ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెత్తి అందరి మెప్పూ కొట్టేసింది. ఇతగాడికి కడుపు మండింది. "నేనూ పరిగెడతా, అదీ కోడి వేషంలో!" అని టీ వేళ ప్రకటించాడు. కళ్ళముందు బస్సు వెళ్ళిపోతున్నా అడుగు వేగం పెంచని మనిషి! ఆఫీసంతా చందాలు రాసింది. ఇక వెనక్కి తగ్గితే మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

బావమరిది విల్ఫ్ పోస్ట్‌మాన్. ఊళ్ళో కుక్కల పుణ్యమా అని పిక్కబలం ఉన్నవాడు.

"ఆఖరి మలుపు దాకా నువ్వు పరిగెత్తు. చేపల వేపుడు కొట్టు వెనక వేషం మార్చుకుందాం," అన్నాడు బార్నబీ.

"నాకేంటి బావా లాభం?"

"నెల రోజులు నీ బీరు ఖర్చు నాది."

"మా అక్కకి తెలిస్తే?"

"అదే మనిద్దరికీ ఆఖరి బీరు."

నెమ్మదిగా పరిగెత్తమని చెప్పడం మాత్రం మర్చిపోయాడు. గంటన్నర తిరక్కుండానే కోడి వచ్చి మీద పడింది. బార్నబీ చేతిలో బంగాళాదుంప ముక్కలింకా వేడి చల్లారలేదు.

"ఇంత తొందరగానా? నన్ను చంపడానికే పుట్టావురా!"

"ముందు ఈ తల లాగు బావా, ఊపిరాడ్డం లేదు!"

పందెం రోజున కొట్టు ముందు కొనేవాళ్ళ వరస గోడ చుట్టూ తిరిగి వెనక్కి కూడా వస్తుందని ఆ మహానుభావుడికి తట్టలేదు. కోడి రెండు ముక్కలవడం, ఒకడు బయటికి రావడం, ఇంకొకడు దూరడం పాతికమంది కళ్ళారా చూశారు. ఎవరో "వాన పడేలా ఉంది కదూ?" అంటే, మిగతావాళ్ళంతా ఆకాశం చూశారు. ఎవరూ గుర్తుపట్టలేదనుకున్నాడు బార్నబీ. ఆఖరి వంద గజాలూ రెక్కలాడిస్తూ పరిగెత్తి, పతకం మెళ్ళో వేయించుకున్నాడు.

సోమవారం ఆఫీసులో మేనేజర్ మిసెస్ ఓల్‌రాయిడ్ కేకు కోసింది.

"మీ పరుగు మేమంతా చూశాం, బార్నబీ."

"అబ్బే, ఏదో నా చేతనైనంత..."

"కొట్టు వెనక వరసలోంచి మరీ బాగా కనిపించింది."

బార్నబీ కేకు ముక్క తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు. ఒక్కరైనా నవ్వితే బావుండుననిపించింది. ఎవరూ నవ్వలేదు. కప్పులో ఇంకాస్త టీ పోశారు.

"అందుకే చందాలు రెట్టింపు చేశాం. వచ్చే నెల నలభై రెండు కిలోమీటర్ల పరుగుకి మీ పేరు ఇచ్చేశాం. ఈసారి వేషం లేకుండా."

"నా మోకాలు..."

"మీ ఆవిడకి ఫోన్ చేశాం. మోకాలు శుభ్రంగా ఉందట."

"నేను వద్దంటే?"

"నిరభ్యంతరంగా అనండి. చందా ఎందుకు రాలేదో ఆశ్రమంలో ఉన్నవాళ్ళకి మీరే వెళ్ళి చెప్పండి."

సంతకం పెట్టి, చందాల జాబితా చూశాడు. అన్నిటికన్నా పెద్ద చందా విల్ఫ్‌ది.