మోకాలి నిర్ధారణ ఉపసంఘం, మూడో అంతస్తు

నొప్పి ఉండటం ఒక విషయం, నొప్పి ఉన్నట్టు తేలడం ఇంకొక విషయం. మనిషి సాధించిన నాగరికత అంతా ఈ రెండింటికీ మధ్యనున్న ఖాళీ స్థలంలో కట్టిన కార్యాలయాలే. అలాంటి ఒక కార్యాలయంలో నాకు కొంతకాలం పని పడింది కనుక, సాటివారికి ఉపయోగపడతాయని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నేను తలుపు బందులు, గొళ్ళేలు, తాళాలు టోకున అమ్మే వ్యాపారిని. తెల్లవారుజామున పరుగెత్తుతాను. ఈ రెండు పనులకూ సంబంధం లేదని మా ఆవిడ అంటుంది. నేను ఒప్పుకోను. బందు అరిగితే తలుపు ముందుగానే చెబుతుంది. కిర్రుమంటుంది. ఇంటివాళ్ళు ఒక నూనె చుక్క వేసి ఊరుకుంటారు. తలుపు ఊడి చేతికొచ్చాక నా దగ్గరికొచ్చి సరుకు మంచిది కాదంటారు. ఇలాంటి మనుషుల్ని చూసి జీవితమంతా లోలోపల నవ్వుకున్నవాణ్ణి. నా కుడి మోకాలు చప్పుడు చేయడం మొదలుపెట్టినప్పుడు మాత్రం నూనె రాశాను.

మా నగరంలో ఏటా జరిగే మారథాన్‌కు ఒక నిర్వహణ మండలి ఉంది. వరసగా పదేళ్ళు ఆ పరుగు పూర్తి చేసినవారికి మండలి శాశ్వత నంబరు ఇస్తుంది. ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వరు. మనిషి పోయినా నంబరు ఉంటుంది. (రెండింట్లో ఏది ముఖ్యమో మండలి ఎన్నడూ దాచలేదు.) మధ్యలో ఒక్క ఏడు తప్పినా లెక్క మొదటికొస్తుంది. పరుగులో చోటు కోసం మళ్ళీ లాటరీలో పేరు తగిలేదాకా కాచుకోవాలి. నాకు తొమ్మిది పూర్తయ్యాయి. జుట్టు నెరిసిన వ్యాపారికి మళ్ళీ మొదటి నుంచి పరుగెత్తే కాళ్ళు ఏ మార్కెట్లో దొరుకుతాయి?

ఫిజియో అమ్మాయి నా మోకాలిని అటూ ఇటూ వంచి, నేను కొత్త సరుకును చూసే పద్ధతిలోనే చెవి దగ్గర పెట్టి విన్నంత పని చేసింది.

"అంకుల్, ఈ ఏడు మానేయండి. నేను చెప్పిన వ్యాయామాలు చేస్తే వచ్చే ఏడు హాయిగా పరుగెత్తుతారు. ఈ మోకాలితోనే పూర్తి దూరం పోతే మాత్రం, ఆ తర్వాత నా దగ్గరికి రాకండి."

"కోపమా అమ్మా?"

"కోపం కాదంకుల్. వచ్చినా నేను చేసేదేం ఉండదు."

పరుగెత్తేవాళ్ళు ఫిజియో మాట శ్రద్ధగా వింటారు. విన్నాక, నొప్పి నిజంగా ఉందో లేదో చూడటానికి మర్నాడు పొద్దున్నే పరుగెత్తుతారు. నేనూ చూశాను. ఉంది. తగ్గిందేమోనని ఆ మర్నాడు కూడా చూశాను.

"దుకాణానికి తాళం వేశాక ఒకసారి లాగి చూస్తే చాలదా? రాత్రంతా లాగుతూ కూర్చుంటారా?" అంది మా ఆవిడ.

ఆ పరిస్థితిలో మండలి నిబంధనల చివరి పేజీలో ఒక దారి కనబడింది. మోకాలి నొప్పి నిర్ధారణ అయినవారు ఒక ఏడు పరుగు మానినా వరస తెగినట్టు కాదు. నిర్ధారణ చేసేది మోకాలి నిర్ధారణ ఉపసంఘం. అంటే నంబరూ దక్కుతుంది, మోకాలూ దక్కుతుంది. ఇంత మంచి బేరం నా వ్యాపారంలో ఎప్పుడూ తగల్లేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

మొదట మండలి వారి యాప్. అందులో 'మీ నొప్పి ఎంత?' అని ఒకటి నుంచి పది దాకా ఒక గీత ఉంటుంది. ఎనిమిది దగ్గర వేలు పెట్టాను. 'అంత నొప్పిలో ఫోను ఎలా వాడుతున్నారు?' అని అడిగింది. నాలుగుకు దిగాను. 'అభినందనలు! మీరు ఆరోగ్యంగా ఉన్నారు' అంది. బేరం నాకు కొత్త కాదు కనుక ఆరు దగ్గర తెగ్గొట్టాను. 'మీ చేతి వాచీ ప్రకారం మీరు ఈ ఉదయం కూడా పరుగెత్తారు. కారణం ఎంచుకోండి' అంది. 'నొప్పి ఉందో లేదో చూడటానికి' అన్న కారణం అప్పటికే అక్కడ సిద్ధంగా ఉంది. (ఆ యాప్ తయారు చేసినవాడు తప్పకుండా మా పరుగు జనంలోవాడే అయి ఉండాలి.) అది నొక్కగానే స్వయంగా హాజరు కావలసిన తేదీ వచ్చింది.

మండలి భవనంలో కింది అంతస్తు చీలమండ ఉపసంఘానిది. అక్కడ మెత్తటి కుర్చీలున్నాయి, ఫ్యాను తిరుగుతోంది, మనుషులు లేరు. మోకాలి ఉపసంఘం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది, పనిచేస్తుంది కూడా. దాని తలుపు మీద 'మోకాలి నొప్పి నిర్ధారణ అయినవారికి మాత్రమే' అని రాసి ఉంది. పక్కన స్టూలు మీద లిఫ్టు మనిషి కూర్చున్నాడు.

"నిర్ధారణ ఎక్కడ చేస్తారు బాబూ?"

"మూడో అంతస్తులో సార్."

"మరి ఈ లిఫ్టు ఎవరైనా ఎక్కారా ఎప్పుడైనా?"

అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "దిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు సార్. ఎక్కినవాళ్ళు లేరు."

మెట్లెక్కాను. మోకాలి అధికారి తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. మేకులు తూచే మా కాటాను పరీక్షించడానికి ఒకప్పుడు దుకాణానికి వచ్చేవారు. కాటా సరిగ్గానే ఉందని ఏనాడూ అనలేదు. 'తప్పు కనబడలేదు' అనేవారు.

"పైకి ఎలా వచ్చారు?" అన్నారు.

"మెట్లెక్కి సార్. రెయిలింగు పట్టుకుని, ఆగి ఆగి వచ్చాను."

"రెయిలింగు కదలదు కదా. కదిలింది మీరు." రాసుకున్నారు. "ఆ చివరికి నడిచి రండి."

కుంటడానికి నేను ప్రత్యేకంగా సాధన చేయనక్కర్లేదు. నొప్పే కుంటిస్తుంది. అయితే వరండాలో బెంచీ మీద అర్జీదార్లు వరసగా కూర్చుని ఉన్నారు. అందరూ పరుగు మనుషులే. వాళ్ళలో ఒక పొడుగాయన ఉన్నాడు. ఏటా ఆఖరి మలుపులో నన్ను దాటిపోయి, వెనక్కి తిరిగి చూసి మరీ నవ్వేవాడు. ఇప్పుడు ఆయన చూపు నా కాళ్ళ మీద పడింది. నా నడుము దానంతటదే నిటారైంది. ఆ చివరికి కవాతు చేస్తున్నట్టు వెళ్ళి, అలాగే తిరిగొచ్చాను. లోపల ప్రాణం గిలగిలలాడింది కానీ, ప్రాణం లోపలి సంగతి.

"బాగుంది," అన్నారు అధికారి. "ఆఖరి ప్రశ్న. నొప్పి పరుగు మొదట్లో వస్తుంది కదా. కాసేపు పరుగెత్తాక సర్దుకుంటుందా?"

ఈ ప్రశ్నకు జవాబు పరుగెత్తే ప్రతివాడికీ నోటికొచ్చు. భార్యకు ఇదే చెబుతాం, డాక్టరుకు ఇదే చెబుతాం, అద్దంలో మొహానికీ ఇదే చెబుతాం. పైగా తలుపు తెరిచే ఉంది, బెంచీ మీది పొడుగాయన వింటున్నాడు.

"మొదటి రెండు కిలోమీటర్లే సార్," అన్నాను ఛాతీ విరుచుకుని. "తర్వాత దానంతటదే సర్దుకుంటుంది. ఆ తర్వాత నన్ను ఆపడం కష్టం."

అధికారి కళ్ళజోడు తీసి, తీర్పు చదివారు. "దరఖాస్తుదారుకు మోకాలి నొప్పి ఉన్నమాట వాస్తవము. అయితే సదరు నొప్పి సర్దుకునే స్వభావము కలది. సర్దుకునే నొప్పి నిబంధనల దృష్టిలో నొప్పి కాదు."

కాళ్ళావేళ్ళా పడదామనుకున్నాను. మోకాలు వంగలేదు.

"అప్పీలు ఉంది, కంగారు పడకండి," అన్నారాయన దయగా. "పరుగు రోజు దారిలో వచ్చిన నొప్పిని అక్కడి వైద్య శిబిరంలో నిర్ధారిస్తారు."

"శిబిరం ఎక్కడ సార్?"

"ముగింపు గీతకు కాస్త ఇవతల. నొప్పులు ఎక్కువగా అక్కడే వస్తున్నాయని గణాంకాలు చెబుతున్నాయి."

"అంటే పరుగెత్తలేనని తేలడానికి అక్కడిదాకా పరుగెత్తాలా?"

"నడవచ్చు. నిషేధమేమీ లేదు. మధ్యాహ్నానికి మాత్రం శిబిరం ఎత్తేస్తారు."

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. మా ఆవిడ బీరువా తాళాల పెట్టె సర్దుతూ మొత్తం విని, మూత పెట్టింది.

"నొప్పిగా ఉందని చెప్పడానికి వెళ్ళి గొప్పలు చెప్పుకొచ్చారన్నమాట."

"అడిగారు, చెప్పాను."

"నన్ను అడగమనండి. పొద్దున మంచం దిగేటప్పుడు మీ నోటి వెంట ఏమేం వస్తాయో పూస గుచ్చినట్టు చెబుతాను."

"భార్య సాక్ష్యం చెల్లదు."

"అవునులెండి, చాకిరీ మాత్రం చెల్లుతుంది." పెట్టె పక్కకు జరిపింది. మళ్ళీ మెల్లగా అంది. "ఏవండీ, ఆ నంబరు పోతే పోనీండి. వచ్చే ఏడు మళ్ళీ పొద్దున్నే పరుగెత్తి, చెమటలు కక్కుతూ వచ్చి నా బుర్ర తినండి. నేనేమన్నా వద్దన్నానా?"

(మా ఆవిడకూ రెండు మోకాళ్ళూ నొప్పే. అవి దుకాణం కౌంటరు వెనక నిలబడి నిలబడి వచ్చినవి. పరుగు వల్ల వచ్చినవి కావు కనుక వాటికి ఉపసంఘం లేదు.)

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. తక్కెడలో ఒక పక్క తొమ్మిదేళ్ళ పరుగు, ఇంకో పక్క ఒక మోకాలు. తొమ్మిది పతకాలు గోడకు వేలాడుతూ కళ్ళెదురుగా ఉన్నాయి. మోకాలు దుప్పటి కింద ఉంది. పైగా నేను పరుగు పూర్తి చేయబోవడం లేదు, శిబిరం దాకా వెళ్ళి పత్రం తెచ్చుకోబోతున్నాను. ఇది పూర్తి దూరం కిందికి రాదు. ఫిజియో అమ్మాయి చెప్పింది పూర్తి దూరం గురించే కదా. అమ్మేటప్పుడు నేను చూపించే తెలివి కొనేటప్పుడు కూడా చూపించి ఉంటే ఈపాటికి ఇంకో దుకాణం ఉండేది.

పరుగు రోజు మొదటి రెండు కిలోమీటర్లు నొప్పి పెట్టింది. తర్వాత సర్దుకుంది. సగం దూరం దాటాక సర్దుకోవడం మానేసింది. ఆఖరి భాగం ఎలా గడిచిందో నా కుడి కాలికే తెలుసు, దానితో నాకు ఆ రోజు నుంచీ సరిగ్గా మాటల్లేవు.

శిబిరంలో కుర్ర డాక్టరు నా మోకాలు చూసి "అబ్బా" అన్నాడు. ఇన్నాళ్ళ తిరుగుడులో అధికారిక హోదాలో ఉన్న మనిషి నోట వచ్చిన మొదటి నిజం అది. వెంటనే పత్రం రాసి, ముద్ర కూడా వేశాడు. నా కళ్ళు చెమర్చాయి.

"మోకాలి అధికారి సంతకం ఒక్కటి కావాలి సార్."

"పిలవండి మరి."

"ఆయన ముగింపు గీత దగ్గర పతకాలు వేస్తున్నారు. మధ్యలో లేచి రాకూడదు. మీరే వెళ్ళాలి."

"గీత దాటకుండా పక్క నుంచి వెళ్ళే దారి ఉందా?"

"ఉంది సార్. అదిగో, ఆ కాలినడక వంతెన." చూశాను. అటు ఇరవై మెట్లకు పైగానే ఉన్నాయి, ఇటూ అన్నే.

గీత వైపే నడిచాను. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు వినబడితే నడవకూడదని మాకు ఎవరూ చెప్పరు కానీ, కాళ్ళకు తెలుసు. ఆఖరి నాలుగు గజాలు పరుగెత్తాను. అధికారి పతకం మెడలో వేసి, భుజం తట్టి, "చూశారా, సర్దుకుంది," అన్నారు.

పత్రం చూపించాను. "పరుగు పూర్తి చేసినవారికి ఇది వర్తించదు," అని దాన్ని జాగ్రత్తగా మడిచి నా జేబులోనే పెట్టారు.

ఫిజియో అమ్మాయి రావద్దంది కనుక ఫోన్ చేశాను. విషయమంతా విని, "నడవండంకుల్. నడక మంచిది," అంది. పరుగు మాట తనూ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

శాశ్వత నంబరు వచ్చింది. ఫ్రేము కట్టించి గల్లాపెట్టె పైన తగిలించాను. దాన్ని ఇంకొకరికి బదలాయించడం కుదరదు, వాపసు తీసుకోరు. ఒక కొనుగోలుదారు అది ధర అనుకుని తగ్గించమన్నాడు. తెల్లవారుజామున ఇప్పటికీ అలవాటు కొద్దీ మెలకువ వస్తుంది. లేచి దుకాణం తలుపు బందులకు నూనె వేస్తున్నాను. మా ఆవిడ చూస్తుంది కానీ ఏమీ అనదు. అంటే బాగుండును.

ఈలోగా ఉపసంఘంలో ఒక ఖాళీ వచ్చింది. సభ్యుడికి శాశ్వత నంబరు ఉండాలి, పరుగు రోజున తీరికా ఉండాలి. రెండు అర్హతలూ ఒకే మనిషిలో దొరకడం కష్టమట. నాలో దొరికాయి. మొదటి రోజు హుందాగా లిఫ్టు దగ్గరికి వెళ్ళాను. లిఫ్టు మనిషి లేచి నమస్కారం పెట్టాడు.

"సార్, నిర్ధారణ పత్రం?"

సంతకం లేని పత్రం నా జేబులోనే ఉంది. మెట్లెక్కాను.

ఆ రోజు మొదటి అర్జీదారు ఒక బస్సు కండక్టరమ్మాయి. ఎనిమిదేళ్ళు వరసగా పూర్తి చేసింది. ఎడమ మోకాలు. మెట్లెలా ఎక్కావని అధికారి అడిగితే, రెయిలింగు పట్టుకుని ఎక్కానంది. నడవమంటే, బెంచీ మీద వాళ్ళను ఒకసారి చూసి, నాకంటే నిటారుగా నడిచింది. ఆఖరి ప్రశ్న కొత్త సభ్యుడు అడగడం ఆనవాయితీ అని చెప్పి, అధికారి నా వైపు తిరిగారు.

అడక్కపోవడానికి నిబంధన ఏదైనా ఉందేమోనని వెతికాను. లేదు.

"కాసేపు పరుగెత్తాక సర్దుకుంటుందా అమ్మా?"

ఆ అమ్మాయి మెడ కాస్త పైకెత్తింది. "సర్దుకుంటుందండీ. మొదటి రెండు కిలోమీటర్లే. ఆ తర్వాత నన్ను పట్టుకోమనండి చూద్దాం!"

రాసుకున్నాను.

ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది. ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలికగా. బందు ఎంత అరిగిందో చప్పుడును బట్టి చెప్పగల మనిషి ఆ భవనం మొత్తంలో నేనొక్కణ్ణే. కానీ చప్పుడు వినడం మా ఉపసంఘం పరిధిలోకి రాదు.